కోట దిబ్బ మీద రాయి

16-5-1958, శుక్రవారం, చీరాల

వాడరేవు దగ్గర ఇసుకలో కూరుకుపోయిన ఆ పాత కోట ఎవరిదో చెప్పగలిగింది ఒక్క రాయే. పోయిన నెల దాని మీద అక్షరాలు కంటికి ఆనక, తెచ్చుకున్న సుద్దముక్కలు అయిపోయి, పక్క గుడిసెలో గుప్పెడు పసుపు అడిగి రుద్దాను. నాలుగు వరుసలు రాసుకునేసరికి పొద్దు వాలింది. మిగతావి సెలవుల్లో చూడొచ్చులే అనుకున్నాను. నా బద్ధకం తగలెయ్య.

ఇవాళ వెళ్లేసరికి రాయి మీద ఎర్ర చీర కప్పి ఉంది. నూనె, కుంకుమ మందంగా పేరుకున్నాయి. ఆ పసుపు ఇచ్చిన పోలమ్మే చివరి వరుసల మీద కొబ్బరికాయ కొడుతోంది.

"అమ్మా, అది దేవత కాదు. కోట కట్టినవాళ్లు రాయించిన రాత" అన్నాను.

"అదేందండి మేష్టారూ, ముందు పసుపు పెట్టింది మీరేగా. ఆ మర్నాడే, గాలివానలో పోయిందనుకున్న మా పడవ తిరిగొచ్చింది" అంది.

నూనెలో వేళ్లు పెట్టి తడిమాను. కింద సగం పెచ్చులూడిపోయింది. కట్టించినవాడి పేరు ఉండాల్సింది అక్కడే. కోట చరిత్ర రాస్తున్నానని ఆరేళ్లుగా అందరికీ చెప్పుకున్నాను. ఇక ఏం రాయను?

పోలమ్మ నా చేతిలో కొబ్బరి ముక్క పెట్టింది. కళ్లకద్దుకుని తిన్నాను.