తాళం వేసే ముందు

మార్చి 4
ఆయన చదివిన కాలేజీ నుంచి పూర్వ విద్యార్థుల సంఘం సెక్రటరీ ఫోన్ చేశాడు. ఆదివారం ఆయన సంస్మరణ సభట. మేడమ్, మీరు రాకపోతే ఎలా, కారు పంపిస్తాం అన్నాడు. వస్తానన్నాను. నా మొహం! ఆయన పోయాక వీధి చివర పాలబూత్‌కే వెళ్లలేకపోతున్నాను.

మార్చి 5
రాసుకోవడానికీ సిగ్గే. ఎయిర్‌ఫోర్స్ వదిలి ఎన్నేళ్లయినా, ఇల్లు దాటడమంటే ఆయనకి విమానం లేపడమే, ముందు ఒక్కొక్కటీ అడిగి సరిచూసుకోవాల్సిందే. గుమ్మంలో తాళంకప్ప పట్టుకుని నిలబడి అడిగేవారు. గ్యాస్? కట్టేశాను. కిటికీలు? వేశాను. కళ్లజోడు? అది మీ నెత్తిమీదే ఉంది. తల ఊపితే కుదరదు, నోటితో చెప్పాలి. అన్నీ అయ్యాకే పదవే అనేవారు. పక్కింటావిడ ముసిముసిగా నవ్వేది. నాకు ఒళ్లు మండేది. నేనేమన్నా మీ కో-పైలట్‌నా అని కసిరేదాన్ని.

ఇప్పుడు అడిగే మనిషి లేడు. గ్యాస్ కట్టానో లేదో నాకే నమ్మకం లేదు. తాళం వేస్తాను, తీస్తాను, చూస్తాను, మళ్లీ వేస్తాను. మెట్ల దాకా వెళ్లి వెనక్కొస్తాను. ఆఖరికి చెప్పులు విప్పేసి కూర్చుంటాను.

మార్చి 6
పాలు లేవు. వెళ్లలేదు.

మార్చి 8, ఆదివారం, సాయంత్రం
కారొచ్చింది. డ్రైవర్ హారన్ కొడుతూనే ఉన్నాడు, నేను తాళం తీస్తూనే ఉన్నాను. ఇక రానని చెప్పేద్దామనుకుంటుంటే నావిగేటర్ అన్నయ్య కార్లోంచి దిగి మెట్లెక్కి వచ్చాడు. ఎయిర్‌ఫోర్స్‌లో ఆయన పక్కన కూర్చుని దారి చెబుతూ ఎగిరిన మనిషి, ఇప్పుడు కర్ర లేందే అడుగు పడదు. ఏంటమ్మా ఆ ఏడుపు అన్నాడు. చెప్పాను. నవ్వుతాడనుకున్నాను. కర్ర గోడకి ఆనించి, నిటారుగా నిలబడి, గ్యాస్ అని అడిగాడు. కట్టేశానన్నాను. మిగతావీ అడిగాడు. తాళం పడింది.

సభలో ఒకాయన వరదల్లో అన్నం పొట్లాలు జారవిడిచిన పైలట్ గురించి చెప్పాడు. ఒకమ్మాయి, రిటైరయ్యాక తమకి ఫిజిక్స్ చెప్పిన మాస్టారి గురించి. ఆయనతో చదివిన ఒకాయన చెప్పాడు, కాలేజీ నాటకంలో ఆయన ఆడవేషం వేస్తే ప్రిన్సిపాలే గుర్తుపట్టలేదట! హాలంతా చప్పట్లు. నెత్తిమీద కళ్లజోడు పెట్టుకుని వెతుక్కునే మనిషి ఎవరికీ తెలీదు. నా చేతికి మైక్ ఇచ్చారు. దండం పెట్టి కూర్చున్నాను.

తిరిగొస్తుంటే అన్నయ్య చెప్పాడు. వాడికి ఒంటరిగా ఎగరాలంటే భయమమ్మా, పక్కనుంచి గొంతు వినబడితే గానీ చక్రం కదలనిచ్చేవాడు కాదు అని. నాతో ఒక్కసారీ అనలేదు. ఇన్నేళ్లూ నామీద నమ్మకం లేక అడుగుతున్నారనుకున్నాను.

మార్చి 9
పాలకి వెళ్లాను. గుమ్మంలో నేనే గట్టిగా అడిగాను, నేనే చెప్పాను. పక్కింటావిడ చూసింది. చూడనీ. పదవే అని మాత్రం అనుకోలేకపోయాను. ఒక్కసారే తాళం వేసి మెట్లు దిగాను.