బావకు చెప్పిన లెక్కలు

10 ఆగస్టు 1981, సోమవారం

పాండురంగం బావ ట్రంకుపెట్టెతో సహా దిగబడ్డాడు. పరకాలలో చదువు సాగడం లేదట. ఇకమీద మా ఇంట్లో ఉంటూ నా కాలేజీలోనే, నా సెక్షన్‌లోనే ఇంటర్ సెకండియర్ వెలగబెడతాడట. లెక్కలు, ఫిజిక్స్ నేను చెప్పాలట. నా చదువుతో నేను చస్తుంటే నెత్తిన ఇదొకటి.

అన్నాల దగ్గర బాపు అసలు సంగతి బయటపెట్టాడు. పిల్లగాడు ఇంటర్ గట్టెక్కితే ఎండకాలంల లగ్గం పెట్టుకుందం, తప్పితే ఇంకో ఏడాది ఆగుదమని మా భద్రమ్మక్క అంటాంది అన్నాడు. ఎవరి లగ్గమని అడిగాను. అమ్మ నవ్వింది. మేనరికం కదా, నన్ను అడిగే పనేముంది? మరి నా బీఎస్సీ అంటే, పెండ్లయినంక వాళ్ల ఇష్టం అన్నాడు బాపు.

బావ తల దించుకుని పప్పు కలుపుకుంటున్నాడు. ఆ మెడ చూస్తేనే ఒళ్లు మండింది.

అదే రోజు, రాత్రి

బావ ఫెయిలైతే నేను బీఎస్సీలో చేరతాను. ఇంతే లెక్క.

13 ఆగస్టు

హోంవర్క్: సెకనుకు 19.6 మీటర్ల వేగంతో రాయిని పైకి విసిరితే ఎంత ఎత్తు పోతుంది? నాది సరిగ్గా చేసుకున్నాను. బావకు మాత్రం g ముందు మైనస్ తీసేసి చెప్పాను. మారుమాట లేకుండా ఎక్కించుకున్నాడు. వాడి రాయి ఇక కింద పడదు.

14 ఆగస్టు

సారంగపాణి సార్ బావను బెంచీ ఎక్కించాడు. నీ రాయి పైకే పోతాంది కదా, నువ్వు గూడ పైన్నే ఉండు అన్నాడు. క్లాసంతా నవ్వింది, అందరికంటే ముందు నేను. ఇంటికొచ్చాక బావ చాయ్ తాగి, మిగిలిన లెక్కలు జర చెప్పు సుగుణా అన్నాడు. సిగ్గూ లేదు, శరమూ లేదు.

2 సెప్టెంబరు

లెక్కకు ఒక్క తప్పే. ఎక్కువైతే దొరికిపోతాను. ఒకనాడు సైన్ ఇంటిగ్రేషన్‌కు మైనస్ ఎగ్గొడతాను, ఒకనాడు చివర C మింగేస్తాను. దుకాణంలో తూకం దగ్గర ఇలా చేస్తే బాపు నా చెయ్యి విరగ్గొట్టేవాడు. విరగ్గొట్టనీ.

21 నవంబరు

బావ హోంవర్క్ మొత్తం కరెక్ట్! నేను చెప్పింది తప్పే, నాకు బాగా గుర్తు. ఎవరిది చూసి రాశావని నిలదీశాను. మిద్దె మీద కూసోని నేనే చేసుకున్న అన్నాడు. అబద్ధాలకోరు.

9 జనవరి 1982

మళ్లీ కరెక్ట్. తప్పును ఇంకా లోపలి స్టెప్పుల్లోకి జరిపాను. తప్పు చేయడం ఎంత కష్టమో ఎవరికీ తెలియదు. ముందు సరిగ్గా చేయాలి, ఆ తర్వాత చెడగొట్టాలి.

మార్చి, లెక్కల పరీక్ష

ఒక ఇంటిగ్రేషన్ దగ్గర నా చెయ్యి దానంతటదే మైనస్ వదిలేసింది. చూసి దిద్దుకున్నాను. ముందు వరుసలో బావ గబగబా రాస్తున్నాడు.

18 మే

ఇద్దరం పాస్. లెక్కల్లో నాకంటే బావకే ఎక్కువ. ఛీ.

23 మే

భద్రమ్మ అత్త పసుపు కుంకుమలతో వచ్చింది. అయ్యగారు పంచాంగం విప్పాడు. అప్పుడు నోరు తెరిచాడు బావ. సుగుణ ఏడాదంతా నాకు కావాలని తప్పు చెప్పింది, ప్రతి లెక్కల ఒక తప్పు దాచిపెట్టేది, అది ఎక్కడున్నదో దేవులాడి దేవులాడే నాకు లెక్కలొచ్చినయ్ అన్నాడు.

నిజమేనా అని బాపు నన్ను అడిగాడు. నిజమే అన్నాను. వాడి ముందు అబద్ధమాడే ఖర్మ నాకేంటి?

అత్త మొహం నల్లబడింది. మేం బేరగాళ్లం తమ్మీ, తెలిసి తెలిసి తప్పు లెక్క చెప్పే పొల్లను తీస్కపోయి దుకాణంల గల్లా మీద కూసోబెడ్తమా అని కుంకుమ భరిణె సంచిలో వేసుకుంది. బాపు తల ఎత్తలేదు. నాకు ఏడుపొచ్చింది. కావలసింది దొరికాక ఎందుకో తెలియదు.

మెట్ల మీద బావ ఆగాడు. ముందే చెప్తే తిట్టి ఊకునేటోళ్లు, లగ్గం మాత్రం ఆగేది కాదు, అందుకే ఇయ్యాల్టిదాక ఆగిన అన్నాడు. ఏడాదిగా నేను పడ్డ పాట్లు వాడు ఒక్క మాటతో తీర్చాడు. రుణపడి ఉండాలేమో. ఉండను.

20 జూన్

బజారంతా తెలిసిపోయింది. బాపు నెల రోజులకు నోరు విప్పాడు. నిన్నిప్పుడెవడు చేసుకుంటడు, పోయి చదువుకో పో అన్నాడు.

12 జులై

బీఎస్సీ మొదటి రోజు. వెనక బెంచీలో బావ.

15 జులై

బావ హోంవర్క్ అడిగాడు. తప్పు లేకుండా ఇచ్చాను. సాయంత్రం దాకా వెతుకుతూనే ఉన్నాడు.