వత్తి ముట్టించాక నడిచినవాడు

జగ్గయ్యపేట,
14-9-1983, బుధవారం.

భవానీప్రసాద్ గారూ,

ఆ పేరా అచ్చు వేయనని చెప్పి మీ పత్రికలో వేశారు. నా పేరుతో, నేనుండే కూలీల ఇళ్ల లైనుతో సహా వేశారు. నందిగామలో నటుడు వెంకటరత్నం గారి సంతాప సభ అయ్యాక, నేను చదివిన కాగితాలు మీ చేతికిస్తూ ఏమన్నాను? మా క్వారీ పుల్లయ్య చావు సంగతి తీసేసి మిగతాది వేసుకోండి అన్నాను. అలాగేనోయ్ శాంతయ్యా, ఆ మాత్రం నాకు తెలియదా అన్నారు. కాలేజీలో పాఠాలు చెప్పే మీకు ఒక్క పేరా కొట్టేయడానికి సిరా కరువైందా?

వెంకటరత్నం గారు సినిమా కోసం మా సున్నపురాయి క్వారీకి వచ్చి, రెండు రోజులు పుల్లయ్య పక్కన కూర్చున్నారంటే మీరంతా చప్పట్లు కొట్టారు. బండలు పేల్చే తూటా వత్తి ముట్టించడం పుల్లయ్య పని. ముట్టించాక పరిగెత్తమాకండి బాబూ, పరిగెత్తినోడే తట్టుకుని పడతాడు, నడవండి అని ఆయనకు నేర్పాడు. సినిమాలో ఆయన అలాగే నడిచారు. వెనక్కి చూడలేదు, చెమట తుడుచుకోలేదు. ఇక్కడి హాల్లో కుర్రాళ్లు ఈలలేసి, ఈయనకి భయపడటం కూడా రాదురా అన్నారు. నేల టిక్కెట్టులో కూర్చున్న మా క్వారీవాళ్లం మాత్రం ఊపిరి బిగబట్టాం. ఆ వీపులో ఎంత భయముందో మాకు కనిపించింది.

జూన్‌లో పుల్లయ్య కూడా అలా నడుస్తూనే పోయాడు. బయటికి కనిపించే కొస మామూలుగా ఉంచి, లోపలికి పోయే వత్తిని సగానికి కోయించాడు మేస్త్రీ సుబ్బరాయుడు. పొదుపట. పుల్లయ్య బండ చాటుకు చేరకముందే తూటా పేలింది. తాగి పడ్డాడని కాగితం రాసుకున్నారు.

నిన్న మేస్త్రీ మీ సంచికను చుట్టి చంకలో పెట్టుకొచ్చాడు. తిడతాడనుకున్నాను. బాగా రాశావురా, చదువుకున్నోళ్ల సరసన చేరావు అని నవ్వాడు. సోమవారం నుంచి వత్తి నువ్వే ముట్టించు, కోసే సంగతి నేను చూసుకుంటాలే అన్నాడు. లోపల ఎంత వత్తి ఉందో పైకి చూస్తే తెలియదు. పని మానేస్తే లైనులో ఇల్లు ఖాళీ చేయాలి, మా అమ్మ మంచంలో ఉంది.

గనుల ఇన్‌స్పెక్టరు నాలాంటివాడి మాట వినడు, మీ మాట వింటాడు. ఆయన్ను వెంటబెట్టుకుని సోమవారం పని మొదలుకాకముందే మీరు క్వారీకి రావాలి.

ఇట్లు,
శాంతయ్య

తా.క. సభలో చదవని ముక్క ఒకటుంది. మేస్త్రీ కోయించాడన్నాను గానీ, ఎవరు కోశారో చెప్పలేదు. నేనే కోశాను. పుల్లయ్యకు చెప్పలేదు. చెబితే ఆయన ముట్టించనంటాడు, మేస్త్రీ నన్ను ముట్టించమంటాడు అని భయపడ్డాను. ఆయన భార్య ఆదెమ్మ మొన్న వచ్చి, మా ఆయన తాగలేదని రాసినోడివి నువ్వొక్కడివేనయ్యా అని నా రెండు చేతులూ పట్టుకుంది. ఇన్‌స్పెక్టరుకు ఈ ముక్క కూడా చూపించండి. ఆదివారం సాయంత్రం ఆరింటిలోగా వస్తున్నానని కబురు పెట్టండి. కబురు రాకపోతే ఆరు దాటాక ఆదెమ్మ ఇంటికి వెళ్లి, కోసింది నేనేనని చెబుతాను.