అతని సాంబారు అతనికే

సుగుణా,

జూలై పద్దెనిమిది, శుక్రవారం. కాప్రాలో పొద్దున్నుంచి ముసురు. బడి వంటకు నువ్వు వాడిన పెద్ద గిన్నెను చింతపండుతో తోమి బోర్లించాను.

బడి భోజనాల కాంట్రాక్టు పట్టుకుని, నిన్ను ఆ పొయ్యి దగ్గర నుంచి లేపేసిన మనిషి మధ్యాహ్నం ఇంటికి వచ్చాడు. నువ్వు అతని మీద వేసిన కేసును నువ్వు పోయాక నేనే నడుపుతున్నాను. రాజీ కాగితం మీద నా సంతకం కావాలట. వస్తానని నిన్ననే ఫోన్ చేశాడు. అందుకే బడి ఆయా యాదమ్మను అడిగి, ఇవాళ అతని వ్యాన్‌లో వచ్చిన అన్నం, సాంబారు క్యారియర్‌లో తెచ్చి ఉంచాను.

"ముందు తినుర్రి సార్" అని వడ్డించాను.

"మస్తు మర్యాద చేస్తున్నవ్ కాకా!" అని నవ్వుతూ కూర్చున్నాడు. ఒక ముద్ద నోట్లో పెట్టుకుని ఆగిపోయాడు. "ఏందిది? గిది మనుషులు తినేదేనా?"

నీ సాంబారును పిల్లల ముందే మోరీలో పారబోయించిన రోజు కూడా అతను ఇదే మాట అన్నాడు.

"మీ వ్యాన్లదే సార్. బడి పిల్లలు ఇదే తిన్నరు. కంచం ఖాళీ చెయ్యిర్రి, సంతకం పెడ్త."

అతను కంచం వైపు చూశాడు, నా చేతిలోని పెన్ను వైపు చూశాడు. చెయ్యి కూడా కడుక్కోకుండా కాగితం మడుచుకుని వెళ్లిపోయాడు.

సోమవారం వాయిదా ఉంది. నువ్వు కొన్న నీలం చొక్కా వేసుకుని వెళ్తాను.

అతను వదిలేసిన కంచం ఇంకా బల్ల మీదే ఉంది. తోమబుద్ధి కావడం లేదు. ఇంకాసేపు దాన్నే చూస్తూ కూర్చుంటాను.