అనంతగిరి క్యాంపు రద్దు

స్వరూపా, నిన్నటిదాకా నా దగ్గర ఉన్నవి ఒక చిన్న డేరా, నాలుగు దుప్పట్లు, నీ తమ్ముడు నర్సింలు మీద నమ్మకం. మొదటి రెండూ అటక మీద పెట్టించు. మూడోది పోయింది. మన అమ్మాయి మౌనికను అతని వెంట అనంతగిరి క్యాంపుకు పంపడం లేదు.

స్వైన్ ఫ్లూ కదా, క్యాంపుకొచ్చే పిల్లలకు మాస్కులు తెచ్చావా అని అతన్ని అడిగాను. జేబులోంచి నలిగిన మాస్కు ఒకటి తీశాడు. "ఒక్కటే దొరికింది బావా. అందరం వంతులేసుకుంటం. దానికేంది?" అంటూ దానితోనే ముక్కు తుడుచుకున్నాడు.

"గది మాస్కా, చేతిరుమాలా?" అన్నాను. అతను తాగిన గ్లాసు వేడినీళ్లతో కడుగు.

పని మీద, ఒకరి పెళ్లికి పందిరి వేయించడానికి కొత్తూరు పోతున్నాను. రాత్రికి వస్తాను.

మౌనిక నాతో మాట్లాడటం మానేసింది. మాట్లాడకపోయినా, దగ్గకుండా ఉంది. నాకు అదే లాభం.