స్తంభాల మీది నా గొంతు గురించి

రేడియోలో వార్తలు చదివి రిటైరైన నేను, తుంటి ఎముక తప్ప తక్కినవన్నీ, ముఖ్యంగా బుద్ధి, సక్రమంగా ఉండగా, ఎవరి ప్రోద్బలమూ లేకుండా వ్రాస్తున్న వీలునామా ఇది. బుద్ధి సంగతి మా తమ్ముడు ఒప్పుకోడు. అయినా దీన్ని అమలు జరిపే బాధ్యత అతనికే అప్పగిస్తున్నాను.

1. నా స్వార్జితమైన ఇల్లు, పై వాటాతో సహా, నా తదనంతరం నా ఒక్కగానొక్క కూతురికి సర్వహక్కులతో చెందవలసినది.

2. వంటగదిలోని రేడియో తమ్ముడికి. శత్రు క్షిపణిని ఆకాశంలోనే కూల్చే పరీక్ష విజయవంతమైందని నేను చదివిన ప్రతిసారీ వీధంతా మిఠాయి పంచినవాడతను. ఏ క్షిపణి ఎప్పుడు ఎటునుంచి వస్తుందో ముందే చెప్పి చేసిన పరీక్షలవి. ఆ సంగతి రిటైరయ్యాక అల్లుడు గారు చెబితే తెలిసింది. ఆయన ఆ పరీక్షలు జరిపే రక్షణ కేంద్రంలోనే ఇంజనీరు. నిజమైన శత్రువుకు అంత మర్యాద ఎక్కడిది? అసలుదాని చుట్టూ బోలెడు ఉత్తుత్తివి వదులుతాడు.

అప్పటినుంచి సభల్లో మాట్లాడాను. తాడిని తన్నేవాడుంటే వాడి తల తన్నేవాడుంటాడనీ, మనం డాలు పెంచితే అవతలివాడు బల్లేలు పెంచుతాడనీ, పైన ఒక ఉపగ్రహాన్ని పేలిస్తే ఆ తుక్కు ఏళ్ళ తరబడి మన నెత్తినే తిరుగుతుందనీ చెప్పాను. ఏం లాభం? నా గొంతు వినగానే జనం ప్రభుత్వ ప్రకటన అనుకుని నిశ్చింతగా ఇళ్ళకు పోయేవారు. ఒక పెద్దాయనైతే ఆ కేంద్రాన్ని అంత చక్కగా మెచ్చుకున్నందుకు నాకు దండం పెట్టి వెళ్ళాడు.

3. నా రాతబల్ల, దాని మీది దీపం అల్లుడు గారికి. ఎందుకో చెప్పాలి.

ఒకనాడు భోజనాల దగ్గర, మీరు చేసేది చిల్లుల గొడుగని ఆయన్ని అన్నాను. ఆయన చెయ్యి కడిగేసుకుని వెళ్ళిపోయారు. ఆ తర్వాత మా మధ్య మాటలన్నీ కూతురి ద్వారానే నడిచాయి.

కిందటేడు ఒక మధ్యాహ్నం పిండిమర దగ్గర వరుసలో ఉండగా సైరన్ మోగింది. వెంటనే స్తంభాల మీది మైకుల్లోంచి నేనే మాట్లాడాను: "పౌరులారా, లోపలికి వెళ్ళండి. భయపడవద్దు." ఉద్యోగంలో ఉండగా రికార్డు చేసిందది. ఇదేదీ నమ్మవద్దని ఊరంతా చెప్పిన నేనే అందరికంటే ముందు పరుగెత్తి, గడప తన్నుకుని పడి తుంటి విరగ్గొట్టుకున్నాను. కింద నేను కుయ్యోమంటుంటే పైనుంచి నేనే భయపడవద్దంటున్నాను.

ఆ సమయానికి అల్లుడు గారు కేంద్రంలో తెర ముందున్నారు. తెర మీద చుక్క. శత్రు క్షిపణేనంది యంత్రం. ఎదురు క్షిపణి వదిలితే, తమ మీదికే వస్తోందనుకుని అవతలి దేశం నిజంగానే వదలొచ్చు. ఆలోచించుకోవడానికి ఉన్నది కాఫీ చల్లారేంత సేపు. పై అధికారి వదలమన్నాడు. ఈయన వదల్లేదు. చుక్క మసకబారి మాయమైంది. ఎవరో తమ ఆయుధాన్ని పరీక్షించుకోవడానికి పేల్చిన ఉపగ్రహం తాలూకు ముక్క అట, గాలిలోనే కాలిపోయింది.

మర్నాడు వార్తల్లో వ్యవస్థ భేషుగ్గా పనిచేసిందన్నారు. అల్లుడు గారిని స్టోరు గదికి మార్చారు. ప్రస్తుతం దేశపు చీపుళ్ళూ బల్బులూ ఆయన రక్షణలో ఉన్నాయి.

ఆసుపత్రిలో నా మంచం పక్కన కూర్చుని, కూతురి ద్వారా కాకుండా నాతోనే అన్నారు: "అత్తయ్య గారూ, నాకేదో తెలిసి ఆగలేదండి. నిజం క్షిపణే అయ్యుంటే ఊరు పోయేది. మన పాప బడిలో ఉందని గుర్తుంది. అయినా చెయ్యి రాలేదు."

నేను చెప్పలేదూ అనడానికి అంతకంటే అదను దొరకదు. జీవితమంతా నోటితో బతికినదాన్ని. ఆయన చెయ్యి పట్టుకున్నాను, అంతే.

ఆ మధ్యాహ్నం ఏం జరిగిందో ఆయన రాసి పత్రికకు పంపాలనుకుంటున్నారు. పంపితే ఉద్యోగం పోతుంది. రాసినా రాయకపోయినా బల్ల ఆయనదే. షరతు ఏమీ లేదు.

4. స్తంభాల మీది నా గొంతును తీసేయమని అర్జీలు పెట్టాను. జనం ఇంతగా నమ్మే గొంతు మళ్ళీ దొరకదని జవాబొచ్చింది. నా జన్మలో అందుకున్న ఏకైక మెచ్చుకోలు అది. కనుక నేను పోయాక కూడా నేను మోగుతాను.

ఆనాడు బడిలో మైకుల్లోని నా గొంతు విన్నప్పటినుంచి, నేను పిలిస్తే చాలు, మనవరాలు మంచం కింద దూరుతోంది. నా నగలన్నీ దానికే. వాటితోపాటు, తమ్ముడి ఫోనులో నేను కొత్తగా చదివి రికార్డు చేసి పెట్టింది కూడా. ఎన్నోసార్లు చదివితేగాని ఆ వార్తల బిగువు వదల్లేదు. ఉన్నవి రెండే మాటలు, రోజూ దానికి వినిపించవలసినది:

"పిచ్చుకా, బయటికి రా. ఏమీ లేదు."

2026 మార్చి 16, సోమవారం.

(సంతకం) మాజీ న్యూస్‌రీడరు

సాక్షులు:
1. పిండిమర యజమాని, నన్ను లేపి కూర్చోబెట్టినవాడు
2. నాకు మళ్ళీ నడక నేర్పుతున్న నర్సమ్మ