డీకన్ గారు వద్దన్న బొమ్మ

న్యూ హాంప్‌షైర్ రాష్ట్రం, ఆష్బీ ఫోర్డ్ గ్రామంలో కాపురముంటున్న కెజియా వింటన్ అనే నేను, రేకు సామాన్లు అమ్మిన కీర్తిశేషుడు ఏమస్ వింటన్ భార్యను, మనుషుల ముఖాలు గీసి బతికినదాన్ని, నా చేత్తో రాసుకుంటున్న వీలునామా ఇది. మోకాళ్లు నా మాట వినడం మానేశాయి గాని బుద్ధి ఇంకా నా చెప్పుచేతల్లోనే ఉంది. దీని వెనక ఎవరి బలవంతమూ లేదు. నన్ను బలవంతపెట్టగలిగినవాడు ఏమస్ ఒక్కడే. అతనిప్పుడు చర్చి వెనక పడుకుని ఉన్నాడు.

దీన్ని అమలు జరిపే బాధ్యత పక్కింట్లో పీపాలు చేసే ఆబ్నర్ కోల్‌ది.

ఒకటి. నా ఇల్లు, వెనకున్న ఆపిల్ చెట్లు, ఉత్తరపు కిటికీ ఉన్న గది నా తమ్ముడి కొడుకు రూఫస్‌కు సర్వహక్కులతో చెందాలి. వెండి పూసిన రేకు మీద వెలుతురుతో బొమ్మ దింపే పెట్టె ఒకటి వాడు బోస్టన్ నుంచి కొనుక్కొచ్చాడు. “అత్తా, నీ కుంచెలు ఇక పొయ్యిలోకే” అన్నాడు. “నీ రేకుల మీద అందరూ పన్ను పీకించుకోవడానికి కూర్చున్నట్టున్నారేంట్రా” అన్నాను. అయినా వాడికి వెలుతురు కావాలి. అంత మంచి వెలుతురు ఈ ఊళ్లో ఆ గదిలోనే ఉంది. కిటికీ ఎదుట చెట్టు నాటకూడదు. షరతు అంతే.

రెండు. నా ఎర్ర శాలువా ఆబ్నర్ భార్య పేషెన్స్‌కు. మంచి బట్టలు లేని ఆడవాళ్లు బొమ్మకు కూర్చున్నప్పుడు దాన్నే కప్పుకునేవారు. పేషెన్స్ పెళ్లి బొమ్మలోనూ అదే ఉంది. “ఆ శాలువా ఎక్కడిది నానమ్మా అని మనవరాలు అడిగితే ఏం చెప్పాలో తెలీదు కెజియా” అని ఒకసారి నాతో అంది. నీదేనని చెప్పు పేషెన్స్.

మూడు. నేను చలికాలమంతా తలల్లేని మొండేలు గీసిపెట్టుకుని, దారులు బాగుపడ్డాక వాటికి తలకాయలు అతికిస్తానని ప్రచారం చేసిన చిత్రకారుడొకడు నదికి అవతల ఉన్నాడు. అతనికి ఏమీ ఇవ్వడం లేదు. మరిచిపోయి కాదు.

నాలుగు. మా పొయ్యి మీది గోడకున్న మెహిటబెల్ బర్నప్ చిత్రం. దీని సంగతి వివరంగా రాయాలి.

ఏమస్ బండి నిండా రేకు గిన్నెలు, వెనక నా రంగుల పెట్టె. అలా తిరిగే రోజుల్లో మా చర్చి పెద్ద, డీకన్ జోథమ్ బర్నప్ తన భార్య బొమ్మ వెయ్యమని పిలిచారు. మెహిటబెల్‌కు చెవి నుంచి గడ్డం దాకా కాలిన మచ్చ ఉండేది. వంటిల్లు అంటుకున్నప్పుడు ఉయ్యాల తొట్టిలో ఉన్న కూతురు లోయిస్‌ను బయటికి తెచ్చుకున్న గుర్తు అది. నేను ఉన్నదున్నట్టు వేశాను.

డీకన్ గారు చూసి, “అంతా బాగుంది. ఆ మచ్చొక్కటి తీసెయ్యి” అన్నారు.

“అది తీసేస్తే ఆ కుర్చీలో ఉన్నది నేను కాదు” అంది మెహిటబెల్.

“వచ్చేపోయేవాళ్లు దాన్నే చూస్తారు.”

“మీరు తప్ప ఎవరూ దాని మాట ఎత్తరండీ.”

నేను తీయలేదు. ఆయన బొమ్మ పుచ్చుకోలేదు. ఏమస్ దాన్ని బండికి వేలాడగట్టాడు. ఊరూరా జనం ఆగి చూసేవారు. మెల్లకన్ను రైతులు, పళ్లూడిన ముసలమ్మలు దగ్గరికొచ్చి, “మమ్మల్నీ ఇలాగే ఉన్నట్టు వేస్తావా తల్లీ” అనేవారు. ఆయన వద్దన్న బొమ్మే మాకు జీవితమంతా అన్నం పెట్టింది.

మెహిటబెల్ ఊపిరితిత్తుల జ్వరంతో పోయింది. లోయిస్ బండిచక్రాలు చేసే ఒక మెథడిస్టును పెళ్లాడింది. తన చర్చి కానివాణ్ణి చేసుకుందని డీకన్ గారు కూతురికి తలుపు మూసేశారు. తండ్రీకూతుళ్లది ఒకటే దారి, ఎదురుపడితే ఇద్దరూ పొలాలకేసి చూస్తారు.

మొన్న మార్చిలో, మేపుల్ చెట్ల రసం పాకం కాచే రోజుల్లో, డీకన్ గారు టోపీ చేత్తో పట్టుకుని మా ఇంటికొచ్చారు. బొమ్మ ముందు చాలాసేపు కూర్చున్నారు.

“దీన్ని నాకివ్వు కెజియా. ఆమె ముఖం మరిచిపోతున్నాను.”

“మచ్చ ఉందండీ అందులో.”

“ఆ మచ్చొక్కటే సరిగ్గా గుర్తుంది” అన్నారు.

నా మనసు కరిగింది. అయినా ఆ బొమ్మ లోయిస్‌కే చెందాలని నిర్ణయిస్తున్నాను. తండ్రి ఎప్పుడు చూడాలనుకుంటే అప్పుడు ఆమె ఇంటికి వెళ్లి చూడవచ్చు. ఆయన తలుపు తట్టాలి, ఆమె తీయాలి. ఆయన తట్టకపోయినా, ఆమె తీయకపోయినా బొమ్మ చర్చి అటక మీదికి పోతుంది, ఇద్దరికీ దక్కదు.

ఐదు. నన్ను ఏమస్‌కు ఎడమపక్కన పెట్టండి. బండి మీద నేనెప్పుడూ అటే కూర్చునేదాన్ని.

ఇది సమ్మతించి రాసిన వీలునామా. 1842 అక్టోబరు 4.

(సంతకం) కెజియా వింటన్
సాక్షులు: లూథర్ హేన్స్, బడిపంతులు, డోర్కస్ హేన్స్, గిడియన్ ప్రాట్

అనుబంధం

పై వీలునామా అమలుదారు ఆబ్నర్ నోట్లో నువ్వుగింజ నానదు. నాలుగో నిబంధన ఊరంతా పాకింది. డీకన్ గారు నా చావు దాకా ఆగలేదు. శనివారం సాయంత్రం లోయిస్ తలుపు తట్టారు. తర్వాత జరిగింది ఆమె చెప్పినట్టే రాస్తున్నాను.

“ఏం నాన్నా?” అందట.

“బొమ్మ చూద్దామని వచ్చాను.”

“బొమ్మ ఇంకా కెజియా ఇంట్లోనే ఉంది నాన్నా.”

“తెలుసు” అన్నారట.

ఆమె తలుపు బార్లా తీసి, “బూట్లు తుడుచుకుని రా. చిక్కుళ్లు ఉడికాయి” అందట.

కాబట్టి నాలుగో నిబంధనలోని షరతులన్నీ రద్దు చేస్తున్నాను. నేను బతికుండగానే బొమ్మను రూఫస్ బండిలో లోయిస్ ఇంటికి పంపించాను. మిగతా నిబంధనలు యథాతథం.

1842 నవంబరు 21.

(సంతకం) కెజియా వింటన్
సాక్షులు: లూథర్ హేన్స్, డోర్కస్ హేన్స్, జోథమ్ బర్నప్, డీకన్